ఆడవాళ్ళ మార్కు ఎందుకు తగ్గింది?

ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి దేహదారుఢ్య పరీక్షలు జరిగేటప్పుడు మగ అభ్యర్థి ఛాతీ చుట్టూ టేపు పెడతారు. 86.3 సెంటీమీటర్లు ఉండాలి, ఊపిరి నిండా పీలిస్తే ఇంకో 5 సెంటీమీటర్లు పెరగాలి. ఆడ అభ్యర్థిని బరువు చూసే మిషను ఎక్కిస్తారు. 40 కిలోలకు తగ్గకూడదు. ఎత్తు ఇద్దరికీ చూస్తారు, పరుగు ఇద్దరికీ పెడతారు. ఆడపిల్ల ఛాతీ కొలవకపోవడం మర్యాద కోసమే, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఒకే ఉద్యోగానికి, ఒకే మైదానంలో, మగవాడి దగ్గర విశాలమైన ఛాతీ ఉందా అని చూస్తున్నాం, ఆడపిల్ల మరీ బక్కగా లేదు కదా అని మాత్రం చూస్తున్నాం.

చంద్రగిరి మండలంలో కల్యాణి డ్యామ్ దగ్గర పోలీసు శిక్షణ కళాశాల ఉంది. తిరుపతి చుట్టుపక్కల తెల్లారకముందే రోడ్ల మీద పరుగు తీసే ఆడపిల్లల్లో ఇలాంటి ఉద్యోగాల కోసం తయారయ్యేవాళ్ళు ఉంటారు, జిమ్‌కు వెళ్ళేవాళ్ళు ఉంటారు, కబడ్డీ ఆడేవాళ్ళు ఉంటారు. వాళ్ళు తమ భుజాలను, తొడలను అద్దంలో చూసుకుని ఏమనుకుంటారు? కండ చాలలేదనా, ఎక్కువైపోయిందనా? ఆ ఆలోచన వాళ్ళ నిద్ర, తిండి, చదువు దాకా పాకుతుందా?

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నను కాగితం మీద కొలవడానికి పాతికేళ్ళుగా ప్రయత్నిస్తున్నారు. అక్కడే ఒక చిక్కు పడింది. కండల గురించిన బెంగను కొలిచే ప్రశ్నపత్రం ఆడవాళ్ళ చేతికిస్తే మార్కు తక్కువ వస్తుంది. మార్కు తక్కువంటే బెంగ తక్కువని అర్థం చేసుకోవాలి. కానీ బరువులెత్తే ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడించిన పరిశోధకులకు వినిపించిన మాటలు వేరు. బెంగ నిజంగా లేదా, లేక కాగితానికి కనబడలేదా? ఆధారాలు ఒక్కొక్కటే తీసి చూడాలి.

మొదటి ఆధారం ఈ కథ ఎక్కడ పుట్టిందన్నది. అమెరికాలో హార్వర్డ్‌కు అనుబంధమైన మెక్లీన్ ఆసుపత్రిలో హారిసన్ పోప్ అనే మనోరోగ వైద్యుడు, ఆయన సహచరులు 1993లో 108 మంది బాడీబిల్డర్లను పరిశీలించి ఒక వ్యాసం రాశారు. వాళ్ళలో 9 మంది గట్టి కండలు పెంచుకుని కూడా తాము బలహీనంగా, చిన్నగా కనిపిస్తున్నామని నమ్మేవాళ్ళు. ఎండలో సైతం ఒళ్ళంతా కప్పే బట్టలు వేసుకునేవాళ్ళు, నలుగురిలోకి రావడానికి జంకేవాళ్ళు. ఎముకల గూడులా మారినా లావుగా ఉన్నానని నమ్మే అనొరెక్సియా జబ్బుకు ఇది తిరగేసిన రూపమని వాళ్ళు మొదట పేరు పెట్టారు. 1997లో దానికి మజిల్ డిస్మార్ఫియా అన్న పేరు స్థిరపడింది. ఆ 108 మందీ మగవాళ్ళే. అనొరెక్సియా ఆడపిల్లల జబ్బుగా పేరుపడింది కనుక, దాన్ని తిరగేసిన జబ్బు మగవాళ్ళదేనన్న ఊహ పుట్టుకతోనే వచ్చేసింది.

అదే బృందంలోని అమండా గ్రూబర్, పోప్‌తో కలిసి 2000లో మరో అధ్యయనం అచ్చువేయించారు. ఈసారి 75 మంది ఆడ క్రీడాకారులు. వాళ్ళలో 25 మంది కండలు పెంచే స్టెరాయిడ్లు వాడినవాళ్ళు. ఆ అధ్యయనంలో మగవాళ్ళ దగ్గర చూసినవే కనిపించాయి: గ్రాముల లెక్కన తూచి తినడం, ఒంటి తీరు మీద ఎడతెగని అసంతృప్తి, ఎంత చేసినా చాలలేదన్న తపన. అంటే జబ్బు ఆడవాళ్ళలో ఉందని జబ్బుకు పేరు పెట్టిన మూడేళ్ళకే, పేరు పెట్టినవాళ్ళకే తెలుసు.

అయినా 2013లో అమెరికా మనోరోగ వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పులో మజిల్ డిస్మార్ఫియాను చేర్చినప్పుడు, అది దాదాపు పూర్తిగా మగవాళ్ళలోనే కనిపిస్తుందని రాసింది. నాకు ఈ వాక్యం దగ్గర అనుమానం మొదలైంది. ఎవరిని చూసి రాశారో వాళ్ళలోనే కనిపిస్తుంది కదా! మగవాళ్ళ అనుభవం నుంచి ప్రశ్నలు తయారుచేసి, ఆ ప్రశ్నలతో వెతికి, దొరికినవాళ్ళంతా మగవాళ్ళేనని తేల్చితే అది గుండ్రంగా తిరిగే వాదన. వెతికే సాధనాన్ని ముందు పరీక్షించాలి.

అందుకని సాధనం దగ్గరికే వద్దాం. 2000లోనే కెనడాలో డొనాల్డ్ మెక్‌క్రియరీ, డొరిస్ సాస్ అనే ఇద్దరు కండల మీద మోజును కొలవడానికి 15 ప్రశ్నల కాగితం తయారుచేశారు. ఒక్కో ప్రశ్నకు 'ఎప్పుడూ' నుంచి 'ఎన్నడూ లేదు' వరకు ఆరు జవాబులు. కౌమారంలో ఉన్న అబ్బాయిలకూ అమ్మాయిలకూ పంచారు. అబ్బాయిల మార్కులు ఎక్కువ వచ్చాయి, అది అందరూ ఊహించిందే. ఊహించనిది ఇంకొకటి ఉంది. కండల మోజు ఎక్కువున్న అబ్బాయిలలో తమ మీద తమకు గౌరవం తక్కువగా, దిగులు ఎక్కువగా కనిపించాయి. అమ్మాయిలలో ఆ ముడి లేదు. ఎక్కువ మార్కు వచ్చిన అమ్మాయి దిగులుగా ఉండాలనేమీ లేదు.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. కండ కావాలని కోరుకోవడం అమ్మాయిలకు హాని చేయదని ఒకటి. అమ్మాయిలను దిగులుపెట్టే సంగతి ఈ 15 ప్రశ్నల్లో లేదన్నది రెండోది. ఆ రోజుల్లో మొదటి అర్థమే సులభంగా కనిపించి ఉంటుంది. రెండోదాన్ని బలపరిచే ఆధారం నాలుగేళ్ళకు వచ్చింది.

ప్రశ్నపత్రం సరిగ్గా పనిచేస్తోందా అని తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. వందలమంది జవాబులు పక్కపక్కన పెట్టి, ఏ ప్రశ్నకు ఎక్కువ వేసినవాళ్ళు ఏ ప్రశ్నకు కూడా ఎక్కువ వేస్తున్నారో లెక్క కడతారు. కలిసి పెరిగి కలిసి తగ్గే ప్రశ్నలు ఒక గుంపు. ఆ గుంపు వెనక ఒకే సంగతి ఉందని అర్థం. 2004లో మెక్‌క్రియరీ బృందం ఇలా చూస్తే మగవాళ్ళ జవాబులు చక్కగా రెండు గుంపులయ్యాయి: కండల గురించి లోపల అనుకునేవి ఒకవైపు, కండల కోసం చేసేవి మరోవైపు. ఆడవాళ్ళ జవాబుల్లో ఆ రెండు గుంపులూ విడిపోలేదు. అదే కాగితం, అవే ప్రశ్నలు, లోపలి అమరిక వేరు. లోపలి అమరిక వేరైనప్పుడు పైన వచ్చిన మొత్తం మార్కును పక్కపక్కన పెట్టి ఎవరిది ఎక్కువ, ఎవరిది తక్కువ అనడం కుదరదు. చొక్కా కొలతలు పట్టుకుని రవిక కుట్టి, అది సరిపోకపోతే ఒంటి తీరు బాగాలేదన్నట్టు అవుతుంది.

ఇప్పుడు ఆ ప్రశ్నలు ఏమిటో చూడాలి. మెక్‌క్రియరీ కాగితంలో ఒకటి, ఒంటికి ఇంకో పది పౌండ్ల దిట్టతనం వస్తే బాగుంటానని అనుకుంటున్నారా అని అడుగుతుంది. పది పౌండ్లంటే నాలుగున్నర కిలోలు. ఇంకొకటి, ఛాతీ కండ చాలలేదనుకుంటున్నారా అని. 2004లోనే టామ్ హిల్డెబ్రాంట్ బృందం మగవాళ్ళ కోసం తయారుచేసిన మరో కాగితం కూడా వాడుకలోకి వచ్చింది. అందులో 13 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, మూడు భాగాలు. ఒళ్ళు పెద్దదవ్వాలన్న కోరిక ఒక భాగం, తన రూపాన్ని తాను భరించలేకపోవడం రెండోది, దీనివల్ల రోజువారీ బతుకు దెబ్బతినడం మూడోది.

ఈ 13 ప్రశ్నల కాగితాన్ని చంద్రగిరిలో, రోజూ జిమ్‌కు వెళ్ళే ఇరవై రెండేళ్ళ అమ్మాయి చేతిలో పెట్టామనుకుందాం. తెలుగులో తప్పుల్లేకుండా రాసే ఇచ్చాం. ఆమె నిజాయితీగానే నింపుతుంది. ఏమవుతుంది?

నలుగురి ముందు చొక్కా విప్పడానికి సిగ్గుపడతారా అని ఒక ప్రశ్న. చంద్రగిరిలో ఏ ఆడపిల్లయినా 'ఎప్పుడూ' అనే రాస్తుంది, 5 మార్కులు పడతాయి. ఒళ్ళు కనబడకుండా వదులు బట్టలు వేసుకుంటారా అని ఇంకొకటి. వేసుకుంటుంది, ఇంట్లో అమ్మ చెప్పింది కనుక, బస్సులో చూపులు తప్పించుకోవాలి కనుక, చున్నీ కూడా వేసుకుంటుంది. మళ్ళీ 5. తన రూపం మీద ఆమెకు ఏ బాధా లేకపోయినా ఆ భాగంలో మార్కు పెరిగిపోయింది. ఆ మార్కు ఊరి కట్టుబాటుది.

మూడో భాగానికి వస్తే కథ తిరగబడుతుంది. వర్కవుట్ కోసం స్నేహితులతో కలవడం మానుకుంటారా, కొత్తవాళ్ళను కలిసే అవకాశాలు వదులుకుంటారా అని ప్రశ్నలు. ఇవి వదులుకునే స్వేచ్ఛ ఉన్నవాళ్ళకు వేసిన ప్రశ్నలు. పిన్నమ్మ కూతురి పెళ్ళికి వెళ్ళకుండా జిమ్‌లో ఉండిపోవడం కొడుక్కి చెల్లుతుందేమో, కూతురికి చెల్లదు. ఆమె పెళ్ళికి వెళ్తుంది, వడ్డిస్తుంది, ఫోటోలు దిగుతుంది. అక్కడున్నంతసేపూ ఈ రోజు కాళ్ళ వ్యాయామం పోయిందని, తిన్న లడ్డు లోపల రాయిలా ఉందని ఆమె మనసు కొట్టుకుంటూనే ఉండొచ్చు. కాగితం మీద మాత్రం ఈ ప్రశ్నలకు 1 మార్కే పడుతుంది, ఎందుకంటే ఆమె ఏమీ మానుకోలేదు.

ఒక భాగం తన తప్పు లేకుండా పెరిగింది, ఒక భాగం తన చేతిలో లేక తగ్గింది. రెండూ కలిపితే మధ్యస్థంగా ఒక మొత్తం వస్తుంది. చూడటానికి ఏ ప్రమాదమూ లేని అంకె. ఆ అంకెకు ఏ అర్థమూ లేదు.

మొదటి భాగంలో ఛాతీ చిన్నదిగా ఉందనుకుంటున్నారా అన్న ప్రశ్న ఒకటుంది. మగవాడు కండ గురించి జవాబిస్తాడు. ఆడపిల్ల జవాబిచ్చేది తన స్తనాల గురించి. దాన్ని కండల ఖాతాలో కలిపేస్తే తప్పు లెక్క. చేతులకు ఇంకా బలం కావాలని కోరుకుంటారా అన్నది మరొకటి. పోలీసు పరీక్షకు తయారవుతున్న అమ్మాయికి ఆ కోరిక ఉండాల్సిందే. బిందెలు మోసే ఇల్లాలికీ ఉంటుంది. వేరుశనగ చేలో చెట్లు పీకే మనిషికీ ఉంటుంది. రూపం కోసం కోరుకునే కండ, పని కోసం కోరుకునే బలం ఈ ప్రశ్నలో ఒకటైపోయాయి.

ఇంతవరకు చూసినవి కాగితంలోని లోపాలు. అసలు ముడి విడిపోయింది మాత్రం ప్రశ్నపత్రాల దగ్గర కాదు, జిమ్‌లో నిలబడి గమనించిన ఒక మనిషి దగ్గర. షారీ డ్వోర్కిన్ అనే సామాజిక శాస్త్రవేత్త లాస్ ఏంజెలెస్ జిమ్‌లలో ఆడవాళ్ళ మధ్య తిరిగి 2001లో రాసిన వ్యాసంలో ఒక సంగతి బయటపెట్టారు. చాలామంది ఆడవాళ్ళు తాము ఎత్తగలిగినంత బరువు ఎత్తడం లేదు. బలం ఉండి కూడా ఆపుకుంటున్నారు. ఫలానా గీత దాటితే భుజాలు మరీ వెడల్పవుతాయని, మగవాళ్ళలా కనిపిస్తామని వాళ్ళ భయం. కొందరు కండ పెరుగుతోందనిపిస్తే డంబెల్ బరువు తగ్గించేవాళ్ళు, కొన్నాళ్ళు ఆ వ్యాయామమే మానేసేవాళ్ళు.

ఆ మాట చదివితే మనకు కొత్తగా ఏమీ అనిపించదు. జిమ్ నుంచి వచ్చిన కూతురి చేయి చూసి చిత్తూరు వైపు తల్లి "చేతులు మొగోళ్ళ మాదిరి అయిపోతా ఉండాయి, ఇంక చాలు మే, రేపు ఎవురు చేసుకుంటారు?" అంటుంది. ఆడపిల్ల కాస్త గట్టిగా కనిపిస్తే మగరాయుడు అనడం తెలుగునాట ఏ మూలకు వెళ్ళినా వినిపిస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో అద్దం చెప్పిన మాటే ఇక్కడ ఇంట్లోవాళ్ళ నోటితో వస్తుంది.

ఇప్పుడు మెక్‌క్రియరీ కాగితం దగ్గరికి మళ్ళీ వెళ్ళి ముగ్గురు ఆడవాళ్ళను ఊహించండి. మొదటామెకు కండల ధ్యాసే లేదు, హాయిగా ఉంది. రెండో ఆమెకు కండ పెరుగుతుందేమోనని రోజూ భయం, టేపుతో చేతి చుట్టుకొలత చూసుకుంటుంది, పొట్టి చేతుల జాకెట్టు తొడుక్కోదు, ఎత్తగలిగిన బరువు వదిలేస్తుంది. మూడో ఆమెకు కండ గీతలుగా కనబడాలి కానీ ఒళ్ళు మాత్రం ఒక్క అంగుళం పెరగకూడదు, అందుకోసం అన్నం మానేసి గుడ్డులో తెల్లసొన, ప్రోటీన్ పౌడర్ మీద బతుకుతోంది. ఒంటికి ఇంకా దిట్టతనం వస్తే బాగుంటానని అనుకుంటున్నారా? ముగ్గురి జవాబూ 'ఎన్నడూ లేదు'. ముగ్గురికీ ఒకే మార్కు. ఆ తక్కువ మార్కు కింద ఒక ఆరోగ్యం, రెండు రకాల బాధలు కలిసి దాక్కున్నాయి.

నా దృష్టిలో చిక్కుముడి విప్పే దారం ఇదే. మగవాడి బెంగ ఎక్కువగా ఒక దిక్కుకు లాగుతుంది: ఇంకా, ఇంకా. ఆడవాళ్ళ బెంగ రెండు దిక్కులకు లాగుతుంది: కావాలి, వద్దు. ఒక దిక్కునే చూసే కొలబద్ద మీద రెండు లాగుళ్ళు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తాయి.

వికీ క్రేన్ బృందం 2004లో కళాశాల క్రీడాకారిణులతో మాట్లాడినప్పుడు ఈ రెండు లాగుళ్ళూ ఒకే మనిషి నోట వినిపించాయి. ఆటలో తమ కండలంటే వాళ్ళకు గర్వం, అవి తమను గెలిపించాయి. మైదానం దాటి బట్టలు కొనడానికి దుకాణానికి వెళ్తే, పార్టీకి తయారైతే అవే కండలు ఇబ్బంది. ఒకే భుజం పొద్దున గర్వం, సాయంత్రం సిగ్గు. ప్రశ్నపత్రం పొద్దున ఇస్తే ఒక మార్కు, సాయంత్రం ఇస్తే ఇంకో మార్కు వస్తాయేమోనన్న ఆలోచన దీన్ని చదివాక ఎవరికైనా రాక తప్పదు.

మన తెలుగు గడ్డ మీద ఈ రెండు చూపులనూ ఒంటి మీద మోసిన మనిషి కరణం మల్లీశ్వరి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం నేర్చుకున్నారు. 1994, 1995 ప్రపంచ పోటీల్లో 54 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచారు. 2000లో సిడ్నీకి 69 కిలోల విభాగంలో వెళ్ళారు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడం అదే మొదలు. వెళ్ళేముందు ఆమె లావెక్కారని, పనైపోయిందని పత్రికల్లో విమర్శలు వచ్చాయి. సెప్టెంబర్ 19న ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తారు. బంగారు, వెండి పతకాలు గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలు. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు పైకి నిలబెట్టి ఉంటే స్వర్ణమే ఆమెది. కంచుతో వచ్చారు, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళగా.

ఆ విమర్శలను నేను ఒక ఆధారంగా తీసుకుంటున్నాను. బరువు విభాగాలున్న ఆటలో 54 నుంచి 69కి వెళ్ళడమంటే ఎక్కువ బరువెత్తడానికి ఎక్కువ ఒళ్ళు సంపాదించుకోవడం. అదే పని మగ లిఫ్టర్ చేస్తే పై విభాగానికి ఎదిగాడంటారు. ఆమె చేస్తే లావెక్కిందన్నారు. ఆడదాని ఒంట్లో కొత్తగా వచ్చిన బరువు కండ కావచ్చన్న ఊహే చూసేవాళ్ళ కంటికి తట్టలేదు. చూసేవాళ్ళ కంటిలో లేని గీత, వాళ్ళు తయారుచేసే కొలబద్ద మీద ఎలా ఉంటుంది?

బొమ్మలతో కొలిచే పద్ధతిలోనూ ఇదే జరిగింది. 1983లో స్టంకార్డ్ బృందం ఆడ, మగ బొమ్మలు తొమ్మిదేసి గీసి, మీ ఒళ్ళు ఏది, మీకు కావాల్సింది ఏది అని చూపించమనే పద్ధతి తెచ్చారు. దశాబ్దాల పాటు దాన్ని వాడారు. ఆ బొమ్మలు బక్కపలచన నుంచి బాగా లావు దాకా ఒకే వరుస. మల్లీశ్వరి లాంటి ఒళ్ళున్న మనిషి ఆ వరుసలో తనను చూపించాలంటే లావు వైపున్న బొమ్మ మీద వేలు పెట్టాలి. తర్వాత కొవ్వు ఒక వైపు, కండ ఒక వైపు పెరిగేలా గళ్ళుగా అమర్చిన బొమ్మలు వచ్చాయి. గ్రూబర్, పోప్ బృందం చేసిన కంప్యూటర్ బొమ్మల పట్టికలో పది మెట్లు కొవ్వుకు, పది మెట్లు కండకు, మొత్తం వంద బొమ్మలు, ఆడ రూపానికి విడిగా ఒక పట్టిక. దానితో కండను కొవ్వు నుంచి విడదీసి అడగడం వీలైంది.

చంద్రగిరి పేరు వచ్చింది కనుక ఇంకో పాత ఆధారాన్ని ఇక్కడే పెట్టాలి. శ్రీకృష్ణదేవరాయల తమ్ముడు అచ్యుతదేవరాయలు పట్టాభిషేకానికి ముందు ఉన్నది చంద్రగిరి కోటలో. 1529లో అన్నగారు పోయాక ఇక్కడి నుంచే వెళ్ళి రాజయ్యాడు. ఆయన కాలంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ తన వృత్తాంతంలో చంద్రగిరి కోట గురించీ రాశాడు, అంతఃపురంలోని నాలుగు వేలకు పైబడిన ఆడవాళ్ళ గురించీ రాశాడు. వాళ్ళలో నాట్యం చేసేవాళ్ళున్నారు, లెక్కలు రాసేవాళ్ళున్నారు, రాణుల పల్లకీలను భుజాన మోసేవాళ్ళున్నారు, రాత్రి కాపలా కాసేవాళ్ళున్నారు, కుస్తీ పట్టేవాళ్ళున్నారు. పరదేశి కళ్ళతో చూస్తూ కూడా అతను కుస్తీ పట్టే ఆడవాళ్ళను లెక్కలు రాసేవాళ్ళ పక్కనే, ఒక కొలువుగా చెప్పుకుపోయాడు.

పల్లకీ మోసిన భుజం ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఆ భుజం ఉన్నామెను మగరాయుడన్నారో లేదో న్యూనిజ్ రాయలేదు, అతనికి ఆ అవసరమూ కలగలేదు. కానీ కండ కోరుకోవడం పుట్టుకతో మగవాళ్ళ స్వభావమని, ఆడవాళ్ళకు అది ఈ మధ్య జిమ్‌లతో వచ్చిన కొత్త పిచ్చి అని వాదించేవాళ్ళకు ఆ జాబితా గట్టి జవాబు. ఇప్పటికీ మన కళ్ళ ముందే ఉన్న సంగతి ఇంకొకటుంది. శ్రీనివాస మంగాపురం దగ్గర మొదలయ్యే శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. మొక్కు తీర్చుకోవడానికి వాటిని తరచూ ఎక్కే ఆడవాళ్ళ పిక్కలు చూస్తే ఏ కోచ్ అయినా మెచ్చుకుంటాడు. వ్యాయామం చేసే ఆడవాళ్ళు అంటూ జిమ్ రసీదు ఉన్నవాళ్ళనే పిలిచి కూర్చోబెడితే, ఒంటితో గర్వంగా, నిమ్మళంగా బతికే చాలామంది లెక్కలోకే రారు. బెంగ ఎక్కడ లేదో కూడా తెలిస్తేనే ఎక్కడ ఉందో తెలుస్తుంది.

గత రెండు దశాబ్దాల్లో పరిశోధకులు ఈ లోపాలను సరిదిద్దడం మొదలుపెట్టారు. 2008లో లిండా స్మోలక్, సారా మర్నెన్ సన్నదనాన్ని, కండను కలిపి కోరుకోవడాన్ని కొలిచే కాగితం తెచ్చారు. 2018లో రేచల్ రాడ్జర్స్ బృందం ఆడవాళ్ళ కోసమే, ఆడవాళ్ళు కోరుకునే కండ ఎలాంటిదో చూసి విడిగా ఒక ప్రశ్నపత్రం రూపొందించింది. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనం మిస్ యూఎస్‌ఏ విజేతల ఫోటోలను ఏళ్ళవారీగా పోల్చి, వాళ్ళు రాను రాను సన్నబడుతూనే కండ తేలుతున్నారని చూపించింది. అందమైన ఆడది బక్కగా ఉండాలన్న పాత షరతు పోలేదు, దాని మీద కండ కనబడాలన్న కొత్త షరతు చేరింది. పైన ఊహించిన ముగ్గురిలో మూడో ఆమె ఈ రెండు షరతుల మధ్యనే నలుగుతోంది. పాత 13 ప్రశ్నల కాగితాన్నీ ఇప్పుడు వ్యాయామం చేసే ఆడవాళ్ళ మీద ప్రత్యేకంగా పరీక్షిస్తున్నారు: మూడు భాగాలు వాళ్ళలో కూడా మూడుగానే నిలుస్తాయా, ఒకే స్థాయి బెంగ ఉన్న ఆడ, మగ ఇద్దరూ ఒక ప్రశ్నకు ఒకే జవాబు ఇస్తారా అని. రెండో పరీక్ష నెగ్గని ప్రశ్నను పోలికలో వాడకూడదు.

రేపు ఎవరైనా తిరుపతిలో, చంద్రగిరిలో ఈ పని చేయదలిస్తే వాళ్ళకు నేను చెప్పదలచినవి ఉన్నాయి. కండ పెరగాలన్న కోరికనూ, కండ కనబడుతుందన్న భయాన్నీ రెండు వేరు ఖాతాల్లో అడగండి, రెండింటినీ కూడవద్దు. చొక్కా విప్పడం గురించి కాకుండా, చేతులు కనబడే జాకెట్టు తొడగడానికి వెనకాడతారా, వెనకాడితే అది ఇంట్లోవాళ్ళ కోసమా, తన చేయి తనకు నచ్చకనా అని అడగండి. పెళ్ళి మానుకున్నారా అని కాకుండా, పెళ్ళిలో కూర్చున్నంతసేపూ మనసు ఎక్కడుందని అడగండి. ఎత్తగలిగిన బరువును ఎవరైనా చూస్తారని వదిలేసిన రోజులు ఉన్నాయా అని అడగండి. బలం ఎందుకు కావాలో రాయడానికి చోటివ్వండి. కాగితం నింపేటప్పుడు ట్రైనర్ గానీ, అమ్మ గానీ, అత్త గానీ పక్కన ఉండకూడదు. వందలమందికి పంచేముందు కొద్దిమందిని కూర్చోబెట్టి, ఒక్కో ప్రశ్న పైకి చదివించి, దీన్ని మీరు ఏమని అర్థం చేసుకున్నారని అడగాలి. రెండు వారాల తర్వాత వాళ్ళకే మళ్ళీ ఇచ్చి జవాబులు నిలిచాయా చూడాలి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇలాంటి మార్కులు పత్రికల్లో అచ్చుకే ఆగిపోవు. ఎవరిని సలహాదారు దగ్గరకు పంపాలి, ఎవరిని ఫరవాలేదని ఇంటికి పంపాలి అన్న నిర్ణయాలకూ వాడతారు. తిండి తగ్గించి వ్యాయామం పెంచిన ఆడపిల్ల ఒంట్లో శక్తి చాలక నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలు బలహీనపడవచ్చు, గాయాలు త్వరగా మానకపోవచ్చు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ఈ స్థితికి ప్రత్యేకంగా పేరు పెట్టి, కోచ్‌లనూ వైద్యులనూ హెచ్చరించింది. ఆ అమ్మాయి పాత కాగితం మీద తక్కువ మార్కు తెచ్చుకుని, ఏ ప్రమాదమూ లేదనిపించుకుని బయటికి నడిచిపోగలదు. అందుకే ఆడవాళ్ళకిచ్చే కాగితంలో కండల ప్రశ్నల పక్కనే నెలసరి క్రమంగా వస్తోందా అని ఒక ప్రశ్న ఉండాలి. వరుసగా మూడు నెలలు రాలేదని రాస్తే, మొత్తం మార్కు ఎంత తక్కువగా ఉన్నా, ఆమెను డాక్టరు దగ్గరకు పంపాలి.